కళ్లంలో ధాన్యం

మా బావ మీద నాది కోపం కాదు, పగ. అక్క మొగుడు కదా, పోనీలే అని సర్దిచెప్పబోయినవాళ్ల మీద కూడా నాకు ఒళ్లు మండేది.

ఆయనది రాజాంలో ధాన్యం వ్యాపారం. తుఫాను కబురు రాగానే మోటారు సైకిలేసుకుని ఊళ్లు తిరిగేవాడు. కళ్లంలో ధాన్యం తడిసిపోతుందని రైతుల్ని బెదరగొట్టి చవగ్గా కొనేవాడు. ఆ తర్వాత వాన పడకపోతే ఆయనకి పండగే.

స్వైన్ ఫ్లూ ఏడాది ఆ విద్య నా మీద చూపించాడు. నాన్న పోతూ పోతూ నా పేరున కొన్ని బ్యాంకు షేర్లు ఉంచాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎంకాం చదవాలంటే నాకున్న ఆధారం అదొక్కటే. టీవీ పెడితే ఫ్లూ చావులే. ఆ వారం బ్యాంకు షేర్లు కాస్త దిగాయి కూడా. ఎందుకు దిగాయో ఎవడికి తెలుసు, బావ మాత్రం ఫ్లూ వల్లే అన్నాడు. జనం బయటికి రారు, అప్పులు కట్టరు, బ్యాంకులు మునుగుతాయి అని అమ్మ ఎదుటే ఊదరగొట్టాడు.

"వాన కబురొచ్చినాక కళ్లంలో ధాన్యం ఉంచుతారేటే మరదలా? నాకిచ్చెయ్. నట్టమొస్తే నాను పడతాను."

పాపం, నా కోసం నష్టపోతున్నాడు మహానుభావుడు అనుకుని, ఆ దిగిన ధరకే సంతకం పెట్టాను. ఫ్లూ వార్త పాతబడింది. షేర్లు పాత ధర దాటి ఎగబాకాయి. తిరిగిమ్మని అడిగితే, వ్యాపారమంటే అంతే అని మీసం దువ్వాడు. నా చదువు అటకెక్కింది. రాజాంలోనే ఒక షేర్ల ఆఫీసులో కంప్యూటరు ముందు పనికి కుదిరాను.

అక్కడ కూర్చున్నాకే నాకు తెలిసింది. రోగం కబురొస్తే ఈ అప్పులిచ్చే కంపెనీల షేర్లు ముందే ఉలిక్కిపడతాయి. రోగం పూర్తిగా పోకముందే, జనానికి భయం తగ్గగానే, చాలామటుకు మళ్లీ లేస్తాయి. ప్రతిసారీ లేస్తాయని ఒట్టు పెట్టలేను.

కొన్నేళ్లకి కేరళలో ఏదో కొత్త వైరస్ అన్నారు. అక్కడి బంగారం తాకట్టు కంపెనీ ఒకదాని షేర్లు బావ మా ఆఫీసులోనే దండిగా కొని ఉన్నాడు. అవి దిగడం మొదలవగానే పరిగెత్తుకొచ్చాడు. ఊళ్లన్నిటినీ బెదరగొట్టిన మనిషి, తన ధాన్యం కళ్లంలో ఉండేసరికి చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఏం చెయ్యమంటావని నన్నే అడిగాడు. ఉంచుకో బావా అంటే సరిపోయేది. చచ్చినా అనకూడదనుకున్నాను.

"వాన కబురొచ్చినాక కళ్లంలో ధాన్యం ఉంచుతారేటి బావా?" అన్నాను.

అమ్మేశాడు. నా జీతంలో దాచుకున్నదంతా పెట్టి అవే షేర్లు నేను కొన్నాను. లేవకపోతే నా చదువు మీద ఇక ఆశ కూడా లేకుండా పోయేది. నెమ్మదిగా లేచాయి.

ఎచ్చెర్లలో సీటొచ్చిందని మామిడి తాండ్ర పట్టుకుని అక్క ఇంటికెళ్లాను. బావ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఫీజుకి డబ్బెక్కడిదని అడిగాడు. దాచకుండా మొత్తం చెప్పాను. ఆ ముక్క మింగలేక, ఉమ్మలేక అక్క వైపు చూశాడు.

అక్క ఇంకో ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తినండి. మీ కళ్లంలోదే."