రెడ్డెమ్మ బిగించుకున్న గొళ్లెం

రెడ్డెమ్మ స్నానానికి పోతే ముందు నీళ్లు నిండిన బకెట్‌ను తలుపుకు అడ్డంగా జరిపేది. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంట్లో పనిమనిషికిచ్చిన బాత్రూంకు తలుపుంది గానీ గొళ్లెం లేదు. ముందు పనిచేసిన మనిషి లోపల గొళ్లెం పెట్టుకుని ఫోన్ మాట్లాడేదట. మామా, అంటే అక్కడ పనివాళ్లు అలా పిలిచే ఇంటావిడ, దాన్ని ఊడబీకించింది. తప్పు ఎవరిదో, శిక్ష మాత్రం రాయచోటి పక్కనుంచి కొత్తగా వచ్చిన రెడ్డెమ్మకు పడింది. మరలు ఊడిన చోట మిగిలిన రంధ్రాల మీద ఆమె తన బొట్టుబిళ్లలు అంటించింది. అద్దమే లేని చోట నుదుటికి బొట్టెందుకులే అనుకుంది.

ఒంటికి సబ్బు రాసుకునే లోపే "యల్లా రెడ్డెమ్మా!" అని, త్వరగా రమ్మని కేక. బకెట్టుతో సహా తలుపు తోసుకుని మామా తొంగిచూసి, చిన్నపిల్ల బూట్లెక్కడని అడిగేది. రెడ్డెమ్మ మూలకు ఒదిగి జవాబు చెప్పేది. తడితలను అలాగే ముడేసి, పైన గుడ్డ చుట్టుకుని పరుగెత్తేది. ఆ తడికి మాడంతా దురద. పళ్లు తోముకోవడం వంటింటి సింకు దగ్గరే, టీ పొంగేలోపు.

అదే రెడ్డెమ్మ పొద్దునా సాయంత్రం మామా కూతుళ్లకు చేసే సేవ చూడాలి. దగ్గరుండి పళ్లు తోమించి, జుట్టు ఆరబెట్టి, చిక్కు తీసి జడలల్లేది. వాళ్లు స్నానంలో ఉంటే తలుపు కొట్టి, రమ్మన్నాకే లోపలికి పోవాలని మామా నియమం. ఏడేళ్ల పిల్లకు దక్కే ఆ మర్యాద, ఆ పిల్లను సాకే ఆడమనిషికి దక్కలేదు. దీన్ని ఇంటి పద్ధతి అనడం తప్పు. ఇది అన్యాయం.

ఎగైలా మాల్‌లో పిల్లలు ఆడుకుంటుంటే ఆయాలంతా బెంచీల మీద చేరతారు. పక్క వీధి ఇంట్లో పనిచేసే కోనసీమ సూర్యావతి అక్కడే ఆమెను నిలదీసింది.

"ఒసేయ్ రెడ్డెమ్మా, ఆ పిల్లలకి పెళ్లికూతుళ్లకేసినట్టు జడలేసేవు. నీ తలేంటే, గోకి గోకి పుండు చేసుకుంటన్నావు?"

"నీళ్లు పోసుకోవాలంటేనే బయం అక్కా. ఎప్పుడు తోసుకొస్తాదో అని ఒక కన్ను తలుపు మీదే ఉంటాది."

"గొళ్లెం పెట్టుకో! బకెట్టు ఎన్నాళ్లు కాపలా కాత్తాదే?"

"మళ్లా ఏజెంటు ఆఫీసుకు తోలేస్తే? ఇంగో ఇల్లు ఎట్లుంటాదో ఏమో."

"గొళ్లెం పెట్టుకుందని తోలేసే ఇంట్లో నువ్వు ఉండి మాత్రం ఏం లాభం? ఆయ్!"

ఆ రోజే రెడ్డెమ్మ మాల్‌లో ఒక గొళ్లెం, చేతిలో పట్టేంత అద్దం కొంది. స్క్రూడ్రైవర్ కోసం ఆ ఇంటి డ్రైవర్ హారూన్‌ను అడిగితే, అతను అటూ ఇటూ చూసి చాటుగా అందించాడు. "నా పేరు మాత్రం చెప్పకు, తల్లీ" అన్నాడు హిందీలో. బొట్టుబిళ్లలు ఒక్కొక్కటే ఒలిచి, ఆ పాత రంధ్రాల్లోనే మరలు దింపి ఆమె తనే బిగించింది.

మరుసటి పొద్దున కేక రానే వచ్చింది. తలుపు ఊగింది, తెరుచుకోలేదు. బయట మామా గొంతు పెరిగింది. ఇప్పుడు తలుపు తీస్తే ఇక ఎన్నటికీ మూసుకోలేనని రెడ్డెమ్మకు తెలుసు.

"శ్వయ్య, మామా! తల తుడుచుకుంటాండా!" అని గట్టిగా అరిచింది. శ్వయ్య అంటే కాస్త ఆగమని. సగం అరబ్బీ, సగం కడప.

నిదానంగా తల ఆరబెట్టుకుంది. దువ్వుకుంది. జడ వేసుకుంది. అద్దంలో చూసుకుని, ఒలిచిపెట్టిన బిళ్లల్లో ఒకటి నుదుట పెట్టుకుంది. అప్పుడు తలుపు తీసింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే మామా."

"లోపల ఫోనా?"

"ఫోన్ అదో, వంటింట్లో ఉంది. లోపల నేనొక్కదాన్నే ఉన్నా." వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడగట్టుకుని ఆగకుండా అనేసింది: "పిల్లలు స్నానం చేస్తుంటే నేను తలుపు కొడతా. నేనూ ఆడమనిషినే. పని ఏదీ ఆగదు. ఈ కాసేపు మాత్రం నన్ను పిలవొద్దు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు."

మామా గొళ్లెం వైపు చూసింది, తర్వాత ఆ జడ వైపు. "నేల తడి లేకుండా తుడిచిపెట్టు" అని విసుక్కుంటూ వెళ్లిపోయింది. గొళ్లెం తీసేయమని మాత్రం అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

ఇప్పుడు పొద్దున తీరిగ్గా పళ్లు తోముకుని, స్నానం చేసి, తల పూర్తిగా ఆరాకే గుడ్డ కట్టుకుంటుంది. సాయంత్రం పిల్లల స్నానాలయ్యాక కాళ్లు కడుక్కుని, పగిలిన మడమలకు వాజలీన్ రాసి, తలకు కొబ్బరినూనె పట్టించుకుంటుంది. దురద పోయింది. మామా కూడా తలుపు కొడుతోంది.

"అబ్బో, దొరసానిలా ఉన్నావే!" అంది సూర్యావతి బెంచీ మీద జరుగుతూ.

"గొళ్లెముంటే ఎవురైనా దొరసానే అక్కా" అని నవ్వింది రెడ్డెమ్మ. "మీ ఇంట్లో ఉందా?"

సూర్యావతి నవ్వు ఆగిపోయింది. ఆమె తలుపుకూ లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంకో గొళ్లెం కొన్నారు.

చదువుతున్న మీకో మనవి. కువైట్‌లో ఉన్న మీ అక్కకో అమ్మకో ఫోన్ చేసినప్పుడు, జీతం పడిందా అని అడిగే ముందు, నీ స్నానాల గదికి గొళ్లెం ఉందా అని అడగండి. ఇక ఇక్కడ, మీ ఇంట్లో పనిచేసే మనిషికి మీరిచ్చిన బాత్రూం తలుపును ఈ రోజే వెళ్లి చూడండి. గొళ్లెం లేకపోతే బిగించండి. ఆమె లోపలుంటే పిలవకండి.