పిల్లల జట్టు గెలిచిన సాయంత్రం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఒమాన్ దేశంలోని సూర్‌లో నేను పనిచేసిన ఇంటి డ్రైవరు సంగతి చెబుతాను. కరీంనగర్ మనిషి. ఏ మాట ఇచ్చినా గుండెమీద చెయ్యి వేసుకునేవాడు. ఒమాన్ కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్పు రెండుసార్లు గెలిచిందని తన సొంత పిల్లల్లా మురిసిపోయేవాడు. ఆ జట్టు గెలిచిన రోజు మా యజమాని పనివాళ్లలో ఒక్కరి కోరిక తీర్చేవాడు. ఊళ్లో పసిబిడ్డను వదిలొచ్చిన నాకేమో అడగడానికి అరబ్బీ రాదు.

"బిడ్డను సూసొద్దువు, నీ సెలవు నేనడుగుతనక్కా" అన్నాడు, గుండెమీద చెయ్యి వేసి.

జట్టు గెలిచింది. మర్నాడు అతనే పెట్టె సర్దుకుంటున్నాడు.

"నా లీవు ఏమైంది నాయనా?"

"నోట్లెకెల్లి నా పేరే ఒచ్చిందక్కా. పోరగాండ్లు మల్ల గెలుస్తరు తియ్!"

తర్వాతి టోర్నమెంటులో కుర్రాళ్లు తొలి ఆటల్లోనే ఓడి ఇంటికొచ్చేశారు. ఏళ్లు గడిచి నేను ఇల్లు చేరేసరికి, తలుపు తీసిన నా బిడ్డ "ఎవరు కావాల?" అంది.

మీ ఇంట ఇచ్చిన మాట నిలబడాలి తల్లీ, మీ పిల్లలు మీ కళ్లముందే పెరగాలి.