పాపతో పాటు ఎదిగిన గది

కన్నబిడ్డ ఇంటికొచ్చిన మొదటి రోజునే దాన్ని దూలానికి ఎక్కించిన తండ్రిని మీరెప్పుడైనా చూశారా? అయితే ఇటు చూడండి. నవ్వేవాళ్లు నవ్వండి, జాలిపడేవాళ్లు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోండి.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. రంగూన్ రేవులో నేను సైగల మనిషిని. ఓడ అడుగున ఏముందో పైన సరుకులెత్తే వించి యంత్రం తిప్పేవాడికి కనపడదు, నా చెయ్యి ఒక్కటే కనపడుతుంది. చెయ్యి గుండ్రంగా తిప్పితే లాగాలి. అరచెయ్యి నేలవైపు ఆడిస్తే దించాలి. ఆ వించి మీద ఉండేవాడు మా అప్పన్న. నా చెయ్యి తప్ప లోకంలో ఇంకేదీ నమ్మడు.

నా భార్య నూకరత్నం పురిటికి భీమిలి దగ్గర పుట్టింటికి వెళ్లింది. మూడో నెల పాపతో, వాళ్లమ్మతో తిరిగొస్తున్నట్టు ఉత్తరం రాయించింది. కింద అత్తగారి హుకుం: "పిల్లకి సరైన చోటు లేకపోతే తల్లినీ పిల్లనీ మళ్లీ స్టీమరెక్కించి తెచ్చేస్తాను." ఆరు నెలలుగా చెయ్యి కాల్చుకుంటున్నాను, పాప మొహమైనా చూడలేదు.

ఇంక చూడండి నా వీరావేశం! మా చెక్కమేడలో వెనక గదికి ఆకుపచ్చ రంగు పూశాను. నది దాటి అవతలి ఒడ్డున దలా వెళ్లి పాత ఓడ సామాన్ల కొట్లో తాడూ, కప్పీ కొనుక్కొచ్చి దూలానికి బిగించాను. పొరుగింటి బర్మావాడు కో బా వెదురు ఉయ్యాల తొట్టి అల్లిచ్చాడు. పాప పసిదిగా ఉన్నన్నాళ్లూ తొట్టి కిందకి. పాకడం మొదలెడితే పైకి. మూడేళ్లకి తొట్టి తీసి పలక కడితే ఊగే ఉయ్యాల. బడికెళ్తే అదే పలక రాతబల్ల. పెళ్లీడు దాకా ఆలోచించానంటే నమ్మండి! తాడు రెండో కొస నేల దాకా ఉన్న కిటికీలోంచి వరండాలోకి పోయింది. అక్కడ అప్పన్నని నిలబెట్టాను.

"రెండు బియ్యం బస్తాలెత్తి సూసినాం గదా బావా, పాపెంత!" అన్నాడు.

"నా చెయ్యే చూడు. నోటి మాట వినకు," అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

అత్తగారు వచ్చింది. గోడలు తడిమింది, తాడు గుంజి చూసింది. "బాగానే ఉన్నాది అల్లుడూ," అంది. నేను పొంగిపోయాను. పాపని తొట్టిలో పడుకోబెట్టారు.

"ఓడ దిగిన పిల్ల. ఎన్ని కళ్లు పడినాయో ఏటో," అంటూ అత్తగారు గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని పాప చుట్టూ దిష్టి తిప్పడం మొదలెట్టింది.

తొట్టి లేచింది.

"ఏటిది, ఎక్కడికెల్తున్నాది?"

కిటికీలోంచి అప్పన్నకి కనపడుతున్నది గుండ్రంగా తిరుగుతున్న చెయ్యి ఒక్కటే. లాగుతున్నాడు!

"అత్తా, చెయ్యి ఆపు!"

"దిష్టి మజ్జిలో ఆపితే పిల్లకి కీడు!" తొట్టి లేచినకొద్దీ ఆవిడా మునివేళ్ల మీద లేచి మరీ తిప్పుతోంది.

"అప్పన్నా, ఆపరా!" అని అరిచాను. నోటి మాట వినొద్దన్నది నేనే కదా. కంగారులో నా చేతులు కూడా గిర్రున తిరిగాయి. వాడు ఇంకా జోరుగా లాగాడు.

నీళ్ల చెంబుతో నూకరత్నం వచ్చింది. "మావా, పాపేది?"

"పైన."

"పైనంటే?"

"దూలం దగ్గర."

"దూలం కాడ ఏటి సేస్తన్నాది?"

ఏం చేస్తోందో నాకూ తెలీదు. ఎవరిని ఆపాలో, ఎవరితో చెప్పాలో, నా చేతులు ఎక్కడ దాచుకోవాలో అసలే తెలీదు.

ఆఖరికి అత్తగారు చతికిలబడిపోయింది. "ఓలమ్మో, నా మనవరాలో!" అంటూ రెండు అరచేతులూ నేలవైపు ఆడిస్తూ శోకాలు పెట్టింది.

తొట్టి మెల్లగా, పువ్వు రాలినట్టు కిందికి దిగింది. అందులో పాప గుప్పిట చప్పరిస్తూ హాయిగా ఉంది. అప్పన్న కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఈవిడెవులు బావా? నీకంటే తేటగా సైగ సేస్తన్నాది!"

నేను తల దించుకుని, "స్టీమరు టిక్కెట్లు తీసుకురమ్మంటారా అత్తా?" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకూ? ఈ తాళ్ల కొంపలో పిల్లని నీకొగ్గేసి ఎల్తానేటి? అది ఎదిగినంత వరకూ నానిక్కడే!"

పాపతో పాటు మారే గది అన్నాను కదా, మారింది. పద్నాలుగేళ్ల పాటు అది అత్తగారి గది. నా భార్యా నా బిడ్డా నా దగ్గరే ఉన్నారు, అది చాలనుకున్నాను.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ఇంట్లో ఇక ఏ దూలానికీ కప్పీ బిగించను. అయితే ప్రమాణం కోసం చెయ్యి ఎత్తమని మాత్రం అడగకండి. అప్పన్న ఇప్పటికీ వరండాలోనే ఉన్నాడు.