అత్తమ్మ రాయికి తేజాబ్ స్నానం: కిషన్‌బాగ్ మేడ మీద ఒక పగలు

మా అత్తమ్మ నర్సమ్మ దేవుడి గూట్లో ఒక రాయి ఉంటుంది. పెద్ద కొబ్బరికాయంత ఉంటుంది, ఒళ్లంతా కొమ్ములు, ముదురు ఇటుక రంగు. పెళ్లయిన కొత్తలో వికారాబాద్ దగ్గర ఒక ఊళ్లో బావి పనికి పోయినప్పుడు అది ఆమె గడ్డపారకు తగిలిందట. పారేయమని మేస్త్రీ అరిస్తే, తట్టలో మట్టి కింద దాచి ఇంటికి తెచ్చుకుంది. కొన విరిగినచోట లోపల నీళ్లలా తెల్లగా కనబడిందని, ఇది మామూలు రాయి కాదని అప్పటి నుంచి చెబుతూనే ఉంది. వినేవాళ్లే లేరు. మా బావగారైతే, అంటే నా భర్త అన్నయ్య, దానికి మట్టిగడ్డ దేవుడని పేరు పెట్టేశాడు.

ఈ వేసవిలో మేం కొత్త ఇల్లు కట్టుకున్నాం. ఆదివారం గృహప్రవేశం. పాలరాయి పరిచిన పూజగదిలోకి మట్టిగడ్డ రావడానికి వీల్లేదని బావగారు తేల్చేశాడు. రాయి లోపలికి రాకపోతే తానూ రానని అత్తమ్మ అంతకంటే గట్టిగా తేల్చేసింది. ఇద్దరూ మొండి ఘటాలే, ఇద్దరూ అన్నం మానేసే రకం. బాత్రూం కడిగే ఆసిడ్ ఒక సీసా కుమ్మరిస్తే తెల్లబడుతుంది కదా అని బావగారు సలహా కూడా ఇచ్చాడు. అప్పుడు నేను లేచి, గురువారం నాకు వీక్లీ ఆఫ్, పట్నం పోయి దీన్ని శుభ్రం చేయించుకొస్తాను, ఎవరూ చెయ్యి పెట్టొద్దు అన్నాను. రాయికి ఏమన్నా అయితే గృహప్రవేశం సంగతి దేవుడెరుగు, అత్తమ్మ ముఖం ఎలా చూడాలి?

నా ధైర్యమంతా కిషన్‌బాగ్‌లో ఉండే జరీనా ఖాలా. ఖాలా అంటే పిన్ని, నేను అలాగే పిలుస్తాను. నేను వికారాబాద్, మెహదీపట్నం మధ్య తిరిగే బస్సులో కండక్టర్‌ని. ఉంగరాల్లో పొదిగే రాళ్లు శుభ్రం చేయడం ఖాలా వాళ్ల ఇంటి పని. మా వైపు బావులు తవ్వేవాళ్ల దగ్గర రాళ్లు కొనుక్కుని నా బస్సే ఎక్కేది. మొదటిసారి ఆమె సంచికి లగేజీ టికెట్ కొడితే చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఇద్దరం లొల్లి పెట్టుకున్నాం. బస్సంతా మా వైపే చూసింది. దిగేటప్పుడు డబ్బులిచ్చి, దాంతోపాటు ఒక తెల్లటి రాయి నా చేతిలో పెట్టి, ఇంత గట్టిగా అరిచేవాళ్లంటే తనకు ఇష్టమంది. అప్పటి నుంచి స్నేహం.

మీరూ ఇలాంటి పని మీద బయల్దేరితే వేసవిలో పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోండి. వికారాబాద్ నుంచి మెహదీపట్నం రెండు గంటల ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, మగవాళ్లకు వంద రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. రాయిని పాత చీరలో చుట్టి, గంపలో గడ్డి పరిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ మా డిపో అమ్మాయే. లగేజీ టికెట్ కొట్టమంటావా అక్కా అని నన్నే ఆటపట్టించింది.

మెహదీపట్నంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ముందు నుంచి పోతే పొద్దుటిపూట బంతిపూల బండ్లు అడ్డంగా ఉంటాయి, కాస్త ఓపిక పట్టాలి. అత్తాపూర్ దగ్గర మూసీ దాటితే కిషన్‌బాగ్ ఎంతో దూరం లేదు. ఆటో అతను నూట ఇరవై అడిగాడు, నూరుకు ఒప్పుకున్నాడు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా నేను గంపను గుండెకు హత్తుకుంటున్నానని అద్దంలో చూసి, ఏముందమ్మా అందులో అని అడిగాడు. దేవుడు అన్నాను. "గట్లయితే జర మెల్లగ పోత తియ్యి" అని నిజంగానే వేగం తగ్గించాడు. దిగాక ఆ ఇరవై కూడా ఇచ్చేశాను.

ఖాలా ఇల్లు సన్నటి గల్లీలో ఉంది. కింద రెండు గదులు, పైన మేడ. మెట్లెక్కాక వచ్చే మేడ తలుపుకు ఎర్ర దుపట్టా కట్టి ఉంది. అది కట్టి ఉన్నంతసేపు పైన తేజాబ్ ఉందని అర్థం. తేజాబ్ అంటే ఆసిడ్. ఆ దుపట్టా కనబడితే ఆ ఇంట్లోనే కాదు, పక్కిళ్లలో కూడా బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కరట. పైన గిన్నె లేదు, గ్లాసు లేదు, తాగే నీళ్ల సీసా లేదు. తేజాబ్ కోసం వాడే మగ్గులన్నిటికీ పిడి విరగ్గొట్టి ఉంచింది. చూడగానే ఇది తాగేది కాదని పరాయివాళ్లకు కూడా తెలియాలని.

రాయిని విప్పి పెట్టాను. ఖాలా దాని చుట్టూ తిరిగి చూసి, కింద ఎవరికీ కనబడని మూల నిమ్మరసం ఒక చుక్క వేసింది. సున్నపురాయి ఉంటే అక్కడ బుడగలు వస్తాయట, అలాంటిదాన్ని తేజాబ్‌లో వేస్తే అది కరిగి పాడవుతుందట. బుడగలు రాలేదు. ఇది పలుగురాయే, పైనున్న ఎరుపంతా ఇనుము తుప్పేనని తేల్చింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు వేలితో రాయిని రుద్ది, వాసన చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"ఏంది శోభా గిది? నూనె పెట్టిండ్రా దీనికి?"

దాచేదేముంది, చెప్పేశాను. శుక్రవారం శుక్రవారం అత్తమ్మ దానికి నూనె రాసి, పసుపు పెట్టి, హారతి ఇస్తుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే. నూనె, పసుపు, కర్పూరం మసి కలిసి ఒక పొర కట్టేసింది. ఆ పొర ఉన్నచోట తేజాబ్ లోపలికి దిగదు, అరటాకు మీద నీళ్లలా జారిపోతుంది. ఖాలా దగ్గరికి రోజూ రాళ్లు వస్తాయి గానీ పూజలు చేయించుకున్న రాయి రావడం ఇదే మొదలట. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతులు వెనక్కి తీసుకుని, ఇది పూజ చేసే రాయి అని ముందే చెప్పాల్సింది, ఆ పెద్దావిడను అడగనిదే నేను తేజాబ్ ముట్టించను అంది.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసినవాళ్లు కారు.

"అక్కా, సలాం. నీ రాయి నా ఇంటికొచ్చింది. తేజాబ్‌ల పెట్టాలె. నీ ఇజాజత్ లేకుండ పెట్ట."

అవతలి నుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"పెట్టు బిడ్డా. కానీ ఒక కొమ్ము ముంచకు. కొన విరిగిన కొమ్ము ఉంటది సూడు, నా గడ్డపార తాకింది గదే. దానికి గా మట్టి రంగు గట్లనే ఉండాలె."

ఖాలా సరేనంది. ఫోన్ పెట్టేశాక, మీ అత్త హుషారు మనిషి అని మెచ్చుకుంది కూడా. రాయంతా ముంచడమే కష్టమనుకుంటే ఒక కొమ్ము వదిలేసి ముంచాలట.

ముందు కుంకుడుకాయ రసం. గోరువెచ్చని రసంలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోముతూ కూర్చున్నాను. అత్తమ్మకు తలంటినట్టే ఈ రాయికీ తలంటుతున్నాను కదా అనిపించి నవ్వొచ్చింది. తర్వాత చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ. ఇక్కడ వాడేది ఆక్జాలిక్ ఆసిడ్, తెల్లటి పొడి, కెమికల్ షాపులో పావుకిలో వంద లోపే దొరుకుతుంది. చూడటానికి చక్కెరలా ఉంటుంది, కడుపులోకి పోతే విషం. అందుకే ఖాలా డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి తాళం పెట్టెలో ఉంచుతుంది. బాత్రూం ఆసిడ్ ఎందుకు కాదంటే దాని పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది, రాయికి అంటుకున్న మెత్తటి రాళ్లను తినేస్తుంది, పొరపాటున బ్లీచింగ్ పౌడర్ తగిలిందంటే విషవాయువు పుడుతుంది. ఈ మాట బావగారికి చెప్పాలని అప్పుడే గుర్తుపెట్టుకున్నాను.

ప్లాస్టిక్ టబ్బులో ముందు నీళ్లు, తర్వాత పొడి. లీటరుకు వంద గ్రాములు. ఎప్పుడూ నీళ్లలోనే పొడి వేయాలి. ఆ నీళ్లు కూడా ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్. బోరునీళ్లలో సున్నం ఉంటుంది కాబట్టి రాయి మీద తెల్లటి పొర కట్టి మళ్లీ వదలదట. పొయ్యి మీద కాచడం ఖాలా ఇంట్లో నిషేధం. పొగ ఇంట్లోకి రాకూడదు. మే నెల ఎండే ఆమె పొయ్యి. టబ్బు మీద నల్ల ప్లాస్టిక్ కప్పితే నీళ్లు వాటంతట అవే వేడెక్కుతాయి. టబ్బుకు అడ్డంగా కర్ర పెట్టి, నైలాన్ తాడుతో రాయిని వేలాడదీశాం. విరిగిన కొమ్ము మాత్రం నీళ్ల పైకి ఉండేలా. తాడు ముడి నేనే వేశాను. బస్సు పైన మూటలు కట్టడం చూసీ చూసీ వచ్చిన ముడి అది. ఖాలా లాగి చూసి తల ఊపింది.

చేతులు సబ్బుతో మళ్లీ మళ్లీ కడుక్కుని కింద ఖట్టీ దాల్, కీమాతో అన్నం తిన్నాం. మధ్యాహ్నం దాటాక పైకి పోయి ప్లాస్టిక్ ఎత్తి చూశాను. నీళ్లు లేతాకుపచ్చగా మారాయి, తుప్పు కరుగుతోందన్నమాట. కానీ రాయి మాత్రం మచ్చలు మచ్చలుగా, సగం తెల్లగా సగం ఎర్రగా, పొడ వచ్చినట్టుంది. మట్టిగడ్డగా ఉన్నప్పుడే నయం. ఇలా తీసుకెళ్తే బావగారు జీవితాంతం నవ్వుతాడు. ఏడుపు వచ్చేసింది, ఏడ్చేశాను కూడా.

ఖాలా ఓదార్చలేదు. అద్దాలు పెట్టుకోకుండా టబ్బు మీదికి వంగినందుకు ముందు తిట్టింది. తర్వాత, కొమ్ముల మొదళ్లలో నూనె ఇంకా ఉంది, ఫికర్ చేయకు, తీసి మళ్లీ తోమమంది. వేడి రాయిని చన్నీళ్లలో పెడితే పగులుతుంది కనుక నీడలో చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఈసారి అగరబత్తి పుల్లకు దూది చుట్టి సందుసందునా కుంకుడు రసంతో తోమాను. నడుం పట్టేసింది. పసుపు ముద్దలుగా వచ్చింది. ఒక సందులోంచి ఎండిపోయిన అక్షింత గింజ కూడా ఊడిపడింది. దాన్ని కాగితంలో మడిచి రవిక లోపల దాచుకున్నాను. మళ్లీ టబ్బులోకి దింపాం.

ఎండ వాలే వేళకు ఖాలా కర్ర ఎత్తింది. రాయిలోంచి అవతలున్న ఎర్ర దుపట్టా కనబడింది. అబద్ధం కాదు, కొమ్ము లోపలి నుంచి ఆ ఎరుపు కనబడింది. నా చేతులతో చేసిన పని అది. ఇన్నేళ్లు అత్తమ్మ చెప్పిందంతా నిజం. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది, ఆమెను చూసి, నన్ను చూసుకుని కూడా.

పని అక్కడితో అయిపోదు. రాయిని వంటసోడా నీళ్లలో ముంచి పులుపు విరగ్గొట్టాలి. టబ్బులో మిగిలిన తేజాబ్‌లో కూడా సోడా కొంచెం కొంచెంగా వేస్తూ, బుస్సుమనడం పూర్తిగా ఆగాక, బాగా నీళ్లు కలిపి అప్పుడే మోరీలో పోయాలి. రాయిని తేజాబ్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు మంచినీళ్లలో ఉంచాలి, నీళ్లు మారుస్తూ ఉండాలి. లేకపోతే కొన్నాళ్లకు రాయి పసుపు తిరుగుతుంది. ఖాలాను కూలి తీసుకోమంటే తీసుకోలేదు, ఆదివారం విందుకు వస్తాను, లగేజీ టికెట్ మాత్రం కొట్టకు అంది. చివరి బస్సుకు ఇల్లు చేరాను. శనివారం రాత్రి దాకా రాయి బకెట్లోనే ఉంది, దానికి కాపలా నేను.

ఆదివారం పొద్దున కొత్త పూజగదిలో దీపం ముందు పెడితే వెలుగంతా దానిలోకి దిగింది. బావగారు మూడుసార్లు వచ్చి చూశాడు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, మా అమ్మ తెచ్చిన రాయి అని బంధువులందరికీ చూపించుకున్నాడు. మట్టిగడ్డ మాట ఎత్తలేదు. అత్తమ్మ ఖాలాను తన పక్కనే పీట మీద కూర్చోబెట్టుకుంది. జనం కాస్త పలచబడ్డాక లేచి, రాయిని రెండు చేతులతో తిప్పి, విరిగిన ఎర్రకొమ్మును ముందుకు పెట్టింది. నూనె గిన్నెలో వేలు ముంచి ఆ ఒక్క కొమ్ముకే రాసింది. నేను కాగితం విప్పి అక్షింత గింజ ఇస్తే, దాన్నీ ఆ కొమ్ము పక్కనే పెట్టి, "తెల్లగున్నదంత మీరు సూడుండ్రి. గిది మాత్రం నాది" అంది.

బస్సులో ఇన్ని వేల మందిని గమ్యం చేర్చాను గానీ ఇంత దూరం ఎవరినీ చేర్చలేదేమో అనిపించింది. ఒక మనిషి మాట నిజమని రుజువు కావడానికి ఒక కోడలు, ఒక ఖాలా, ఒక పగటి ఎండ సరిపోయాయి. పని కష్టమే, భయమూ ఉంటుంది, ఉండాలి కూడా. భయం ఉన్నవాళ్లే అద్దాలు పెట్టుకుంటారు. ఇప్పుడు మా డిపోలో నన్ను తేజాబ్ శోభ అంటున్నారు. వద్దనడం లేదు.

మీకు ఉపయోగపడే మాట ఒక్కటి: ఏ రాయినైనా ఆసిడ్‌లో ముంచే ముందు కుంకుడు రసంతో జిడ్డు పూర్తిగా వదిలించండి, జిడ్డున్నచోట ఎంత ఆసిడ్ పోసినా వృథా. అయితే అంతకంటే ముందు, ఆ రాయిని మొదట మట్టిలోంచి తీసినవాళ్లు ఉంటే వాళ్లకు ఒక ఫోన్ చేసి, ఏ కొమ్ము వదిలేయాలో అడగండి.