సబ్బవరం నుంచి వచ్చిన ఎర్రర్లు

మా సీనియర్ పోయారు. గుండెపోటట. మేమిద్దరం కలిసి పనిచేసిన పాత ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. "సంస్థకు తీరని లోటు" అని రాశాడు మేనేజర్. చదవగానే ఒళ్లు మండిపోయింది. ఆ మనిషిని బయటికి గెంటిననాడు ఈ లోటు ఎక్కడికి పోయిందో!

జాలరి ఇంట్లో పుట్టి, రుషికొండలోని మా ఆఫీసులో వెబ్‌సైట్లు చేసేవారాయన. జనం కంప్యూటర్లలో మా పేజీలు ఎక్కడ మొరాయించినా, ఏ లైనులో తప్పు వచ్చిందో మాకు చేరవేసే చిన్న స్క్రిప్టు రాసి ప్రతి సైటులో పెట్టారు. పొద్దున్నే టీ కూడా తాగకుండా ఆ ఎర్రర్లు చదివేవారు. మన సిస్టంలో బాగానే ఉంది కదా అని నేనంటే నవ్వేవారు.

"ఒడ్డు మీద వల బాగానే ఉంటాది బావా. సిరుగు నీల్లలోకెల్తేనే తెలుస్తాది."

ఓసారి, మేం సైటు చేసిచ్చిన ఓ కాలేజీకి అప్లికేషన్లు పంపడానికి ఆఖరు రోజు. పొద్దుట్నుంచీ ఒకటే ఎర్రర్ వస్తోంది. అంతలో సబ్బవరంలో నెట్ సెంటర్ నడిపే ఒకావిడ ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడో అమ్మాయి సబ్మిట్ నొక్కతానే ఉంది. ఏటీ అవ్వట్లేదు. కింద మూల తప్పుందని పసుప్పచ్చ గుర్తొస్తంది."

సీనియర్ మేనేజర్ దగ్గరికి పరుగెత్తారు. "పాత బ్రౌజర్లలో ఫారం వెళ్లట్లేదు సార్. నేను సరిచేస్తాను. గడువు ఒక్కరోజు పెంచమని కాలేజీకి చెప్పండి."

"చెప్తే మన పరువేటవుతాది? ముందా స్క్రిప్టు అన్ని సైట్లలోంచీ పీకెయ్!"

ఆయన తీయనన్నారు. నేను తీశాను. భయమనండి, సిగ్గులేనితనమనండి. మాకు ఎర్రర్లు రావడం ఆగింది. "చూశావా, ప్రాబ్లం పోయింది" అన్నాడు మేనేజర్. ఆ అమ్మాయికి ఏడాది పోయింది.

మర్నాడు సీనియర్ బస్సెక్కి సబ్బవరం వెళ్లి, ఆమెకు క్షమాపణ చెప్పి వచ్చారు. తప్పు మాదేనని కాలేజీకి ఉత్తరం రాశారు. ఆ వారమే ఆయన్ని తీసేశారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "పిల్లలున్నోడివి, ఏటి సేత్తావులే" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆయన ఫొటోకు దండ వేసి, సంతాపం రాయడానికి కంపెనీ సైటులో ఓ పేజీ పెట్టారు. నిన్న మా వీధి నెట్ సెంటర్‌లో ఓ పాత కంప్యూటర్ ముందు కూర్చుని, చేసిందంతా ఒప్పుకుంటూ రాశాను. సబ్మిట్ నొక్కాను. కదల్లేదు. మళ్లీ నొక్కాను. కింద మూల పసుప్పచ్చ గుర్తు.

ఈ సంగతి రుషికొండలో ఎవరికీ తెలియదు. తెలియజెప్పే స్క్రిప్టుని నేనే కదా పీకేశాను.