తూకం నాటి అరటిపళ్ళు

చిన్నప్పుడు నేను ఎంత గొప్ప కబడ్డీ ఆటగాడినంటే, రెండు జట్లూ నాకోసం పోట్లాడుకునేవి, ‘వీణ్ణి మీరే తీసుకోండి’ అని. ఎనిమిదో తరగతిలో చదువు మానేస్తే బడి కూడా నన్ను ఆపలేదు. అలాంటి నన్ను మా బస్తీ అమ్మాయిల కబడ్డీ క్లబ్బుకు మేనేజర్‌ని చేశారు. కారణం నా తెలివి కాదు, నా బస్సు. వారమంతా మియాపూర్ నుంచి రాయదుర్గం ఆఫీసులకు ఉద్యోగులను దించుతాను. ఆదివారం ఓనర్‌ను బతిమాలి అదే బస్సులో జట్టును తిప్పుతాను.

ఆ ఆదివారం గచ్చిబౌలిలో జిల్లా యువజన క్లబ్బుల పోటీ. మా జట్టులో కూతకు వెళ్తే పాయింట్లు తెచ్చేది ఒక్కతే, మా పక్కింటి సెక్యూరిటీ గార్డు కూతురు. వచ్చే ఏడాదికి ఆ పిల్లకు వయసు దాటిపోతుంది. జిల్లా జట్టులోకి రావాలంటే ఇదే ఆఖరి అవకాశం.

కోచ్ ముందురోజే నాతో, “పొద్దుగాల తూకం ఉంటది, పిల్లను జర చూసుకో అన్నా” అన్నాడు. చూసుకున్నాను. ఒకప్పుడు నేను గార్డు ఉద్యోగానికి వెళ్తే, బరువు చాలదని తూకం దగ్గరే వెనక్కి పంపారు. తూకం పెట్టేది బక్కవాళ్ళను ఏరిపారేయడానికేనని అప్పట్నుంచీ నా నమ్మకం.

దారిలో పండ్ల బండి దగ్గర బస్సు ఆపి హారన్ కొట్టాను. బండివాడు కిటికీలోంచి డజను అరటిపళ్ళు అందించాడు.

“తిను బిడ్డా.”

“కాకా, తూకం ఉంది గదా?”

“అందుకే తినమంటున్న. నాకు తెల్వదా?”

అంతవరకూ ఆమె ఆడినవన్నీ తూకం లేని బస్తీ ఆటలే. పెద్దవాణ్ణి, తెలిసే చెబుతున్నాననుకుంది. నాలుగు పళ్ళు తిని, సీసాడు నీళ్ళు తాగింది.

తూకం యంత్రం దగ్గరి అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. “మూడు వందల గ్రాములు ఎక్కువుందండి. ఈ విభాగంలో ఆడనివ్వం.”

“ఎక్కువుంటే మంచిదే గద సార్?”

ఆయన నన్నూ, నా చేతిలో మిగిలిన పళ్ళనూ చూశాడు. “అరగంటలో తూకం ముగిస్తామండి. ఈలోపు తగ్గితే తీసుకురండి.”

అమ్మాయి నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. బస్సులో ఉన్న నా వానకోటు తొడుక్కుని, స్టేడియం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. తప్పు నాది కదా, నేనూ వెనకే పరుగెత్తాను. అయితే ఆనాటి బక్కవాణ్ణి కాను, డ్రైవర్ సీటు నన్ను బాగానే పెంచింది. సగం చుట్టుకే గోడ పట్టుకున్నాను.

ఆమె ఒక చుట్టు తిరిగి వచ్చి, ఆగకుండానే, “టైమెంత కాకా?” అంది. మాట్లాడినందుకే నాకు ప్రాణం లేచొచ్చింది. చేయదగిన పని కూడా దొరికింది. గోడకానుకుని నిమిషాలు అరిచాను.

“పదహారున్నయ్ బిడ్డా!”

“పది!”

“నాలుగే! ఇగ చాలు, రా!”

వానకోటు విప్పితే చెమట ధార కట్టింది. యంత్రం మీద ఆమె ఊపిరి బిగబట్టింది, పక్కన నేనూ బిగబట్టాను. అంకెలు ఊగి ఊగి, సరిగ్గా పరిమితి దగ్గర ఆగాయి. అధికారి టిక్కు పెట్టి, “ముందు కాసిని నీళ్ళు తాగమ్మా” అన్నాడు.

సెమీఫైనల్లో ఓడిపోయాం. కానీ ఆ ఓడిన ఆటలోనే, ముగ్గురు కలిసి పట్టుకుంటే ఆ ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి ఆమె గీత తాకింది. సాయంత్రం చదివిన జిల్లా జట్టు క్యాంపు జాబితాలో ఆమె పేరుంది.

తిరిగి వస్తుంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది. అద్దంలో ఆమెను చూస్తూ, “ముగ్గురిని గుంజుకొచ్చినవంటే గది అరటిపండ్ల బలమే బిడ్డా” అన్నాను.

బస్సంతా గొల్లుమంది. ఆమె లేచి వచ్చి నా వెనక సీట్లో కూర్చుంది.

“కాకా, క్యాంపుల గూడ తూకం ఉంటదట. నన్ను గేటు కాడ దించి పో. తొవ్వల పండ్ల బండి కనవడితే హారన్ గూడ కొట్టకు.”