మైల పట్టిన యాత్ర

యాత్రల రమణయ్య గారు కన్నుమూశారన్న వార్త నాకు రామేశ్వరం గుడి బయట, మా బస్సు వాళ్ళందరి సెల్‌ఫోన్ల సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు తెలిసింది. గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మోకాళ్ళ నొప్పులతో నేను, ఇంకొందరు ఆడవాళ్ళతో పాటు, కాపలాకు మిగిలాను. వాళ్ళ ఊరు కోట నుంచి ఆయన తమ్ముడు ఫోను చేశాడు. "టీచరమ్మా, అన్న పొయినాడు. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగినాడు, అంతే. వదినకి నువ్వే చెప్పాల," అన్నాడు. 'విధి ఇంత నిర్దయగా ఉంటుందా' అని వ్యాసంలో రాస్తే మా బడి పిల్లలకు మార్కులు తగ్గించేదాన్ని. ఆ రోజు నాకు ఆ మాట తప్ప ఇంకొకటి తోచలేదు. ఎందుకంటే వాళ్ళ వదిన లక్ష్మమ్మ, రమణయ్య గారి ధర్మపత్ని, ఆ సమయంలో రామనాథస్వామి దర్శనం వరుసలో నిలబడి ఉంది.

కోట, దొరవారిసత్రం, మనుబోలు ప్రాంతాల్లో రమణయ్య గారిని ఎరగని ఇల్లు తక్కువ. పంటలు ఇంటికి చేరి, సముద్రంలో వేట నిలిచిపోయిన రోజుల్లో ఆయన బస్సు మాట్లాడి జనాన్ని యాత్రలకు తీసుకుపోయేవారు. కంచి, చిదంబరం, శ్రీరంగం, రామేశ్వరం, కన్యాకుమారి. ఉత్తరాన సింహాచలం, పూరీ. తూర్పు తీరమంతా ఆయనకు కరతలామలకం. మనుబోలులో తెలుగు పంతులమ్మగా పదవీ విరమణ చేశాక, స్థలపురాణాలు చెప్పే పని మీద నేనూ ఆయన బస్సెక్కాను. తొలిరోజే నా వాగ్ధాటికి అడ్డం వచ్చి, "టీచరమ్మా, పురాణం కొంచెం పొట్టిగా చెప్పు, జనం దిగి ఒంటికి పోవాల," అన్నారు. అప్పటి నుంచి నేను పొట్టిగానే చెబుతున్నాను.

గతించినవారిని 'ప్రసన్నవదనుడు, మృదుభాషి' అనడం ఇటువంటి రచనల్లో ఆచారం. రమణయ్య గారు ఆ రెండూ కారు. తిట్టేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను, కిటికీలోంచి ఉమ్మినవాళ్ళను, డ్రైవరు యేసురత్నాన్ని, నన్ను, ఎవరినీ వదిలేవారు కారు. అయినా ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే మరుసటి ఏడు అందరికంటే ముందు వచ్చి పేరు చెప్పుకునేవాళ్ళు. ఆగ్రహమే గానీ ద్వేషలేశం లేని హృదయమది.

ఒకసారి పులికాటు సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన పోలమ్మ, నాగపట్నంలో ఉండే తన ఆడబిడ్డ కోసం ఎండుచేపల మూట తెచ్చి సీటు కింద పెట్టింది. తడ దాటేసరికి బస్సంతా గుప్పుమంది. ముందు సీట్లలోని శాకాహారులు "దేవుడి బస్సులో ఇదేం అపచారం" అని లేచి నిలబడ్డారు. రమణయ్య గారు పోలమ్మను తిట్టినంత తిట్టి, మూటను బస్సు పైకెక్కించి తాడుతో కట్టించారు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "మత్స్యావతారం ఎత్తింది మీ స్వామే గదా. పైన కూర్చోని వస్తాడులే," అన్నారు. ముక్కులు మూసుకున్నవాళ్ళు కూడా నవ్వారు. వాన పడుతుందేమోనని మూట మీద పట్టా కప్పించింది కూడా ఆయనే.

ఆ మరుసటి ఏడు అదే పోలమ్మ తల్లి పోయిందని చిదంబరంలో కబురొచ్చింది. అయినవాళ్ళ చావు కబురు విన్నవాళ్ళకు మైల; మైల పట్టినవాళ్ళు గుడి గడప తొక్కరాదు. వినేదాకా మైల లేదన్నదీ మనవాళ్ళ మాటే. అందుకని బస్సులో పెద్దలు "ఎంతో ఆశపడి వచ్చింది పాపం, యాత్ర అయిందాకా చెప్పొద్దు," అన్నారు. నాకూ సబబుగానే తోచింది. "కొంచెం ఆగుదాం అన్నా," అన్నాను. రమణయ్య గారు మండిపడ్డారు.

"దేవుడు యాడికి పోతాడు? రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు. కన్నతల్లి మొగం రేపుంటదా? దాచిపెట్టేదానికి అది మన సొమ్మా టీచరమ్మా?"

పోలమ్మను పక్కకు పిలిచి తానే చెప్పారు. బస్సును నాకు అప్పగించి, ఆమెను వెంటబెట్టుకొని, సర్వీసు బస్సులు మారుతూ ఊరికి చేర్చారు. తిరిగి మదురైలో మమ్మల్ని కలుసుకునేసరికి మనిషి ఎండిపోయి ఉన్నారు. "అందరూ బాగా దండం పెట్టుకున్నారా?" అని మాత్రం అడిగారు.

ఇన్ని యాత్రలు నడిపిన మనిషి భార్య రామేశ్వరం చూడలేదంటే నమ్ముతారా? ప్రతిసారీ బయలుదేరే ముందు ఎవరో ఒక ముసలామె వచ్చి బతిమాలుకునేది, లక్ష్మమ్మ సీటు ఆమెకు పోయేది. "వచ్చే తడవ పోదువులే," అనేవారు ఆయన. "ఆయన వచ్చే తడవలన్నీ ఒక చోట పోస్తే ఇంకో సముద్రం అవతది టీచరమ్మా," అని ఆమె నవ్వేది. ఆ నవ్వులో నవ్వు ఉండేది కాదు. ఎంతటి మహనీయుడైనా సరే, ఈ ఒక్క విషయంలో నేను ఆయనను సమర్థించను. ఈ ఏడు గుండె బలహీనపడిందని వైద్యులు ఆయనను ప్రయాణం వద్దన్నారు. ఆయనను విడిచి రానని ఆమె మొండికేసింది. "నా సీటు ఖాళీగా పోతా ఉండాది, అది నీదే. నువ్వు చూసొచ్చి చెప్పు, నేను ఇంట్లో కూర్చోని వింటా," అని పట్టుబట్టి ఎక్కించారు.

ఆ రోజు రామేశ్వరంలో ఆమె సముద్రస్నానం చేసింది. తీర్థాల బావుల నీళ్ళు తల మీద పోయించుకుంది. పొడిచీర కట్టుకొని, జన్మంతా ఎదురుచూసిన దర్శనానికి దగ్గరగా నిలబడింది. చెబితే అది పోతుంది. నాతోపాటు బయట ఆగిన ఆడవాళ్ళు నా కొంగు పట్టుకున్నారు. "ఒక్క అర్ధగంట టీచరమ్మా. చూసి రానీ. విన్నాక గదా మైల!" ఆ అర్ధగంట ఆమెకు ఇవ్వాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఏ చావు కబురునూ దాచనివ్వని మనిషి చావును నేనెట్లా దాచను? ఫోన్ల సంచి వాళ్ళ చేతిలో పెట్టి లోపలికి నడిచాను.

"మోకాళ్ళ నొప్పులంటివే, నువ్వూ వస్తివా," అని లక్ష్మమ్మ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. చెప్పాను. ఆమె లోపలి దీపాల వైపే చూసింది.

"ఆయనకి చెప్పాలని అన్నీ గుర్తుపెట్టుకుంటా ఉండా," అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగింది.

మిగతావాళ్ళకూ సంగతి చెప్పి, "మీరు చూసుకొని రండి, మేం వేరే బండిలో పోతాం," అన్నాను. ముందు ఎవరు కదిలారో నాకు తెలియదు. మావాళ్ళు ఒక్కొక్కరే వరుసలోంచి తప్పుకున్నారు. తొలిసారి మా బస్సెక్కిన రైతు ఒకాయన, "మైల ఆయమ్మకొక్కదానికేనా? మాకు లేదా?" అన్నాడు. మైల ఇంటివాళ్ళకూ దాయాదులకూ మాత్రమేనని శాస్త్రం చెప్పవలసినదాన్ని, లక్ష్మమ్మ చెయ్యి పట్టుకొని వాళ్ళతోపాటు నడిచాను. స్వామిని చూడకుండానే బస్సంతా వెనక్కి మళ్ళింది.

మర్నాడు పొద్దునకల్లా యేసురత్నం మమ్మల్ని కోట చేర్చాడు. లక్ష్మమ్మ ఆయన తల దగ్గర కూర్చుంది. రామేశ్వరంలో సముద్రం అలల్లేకుండా చెరువు మాదిరి ఉందని, బావుల నీళ్ళు ఒక్కొక్కటి ఒక్కో రుచని, స్వామి కనబడలేదు గానీ దీపాలు కనబడినాయని, అన్నీ వరసగా ఆయనకు చెప్పింది. మేమంతా నిలబడి విన్నాం.

నిన్నటికి పదో రోజు. కోట దగ్గరి సముద్రం ఒడ్డుకు ఆ బస్సు వాళ్ళంతా ఎవరి ఊళ్ళ నుంచి వాళ్ళు వచ్చారు. దాయాదులు చేయవలసిన మైలస్నానం రైతులు చేశారు, జాలర్లు చేశారు, వాళ్ళ మతంలో మైలే లేని యేసురత్నం కూడా చేశాడు. ఎన్నో తీరాల్లో మాచేత పుణ్యస్నానాలు చేయించిన ఆ పుణ్యమూర్తికి మా తీరం నీళ్ళలో మేమిచ్చుకున్న నివాళి అదే. ఆయన లోటు తీరనిదని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆనవాయితీ నిజం చెబుతోంది. ఒడ్డుకొచ్చి తలలు తుడుచుకుంటుంటే, మైల తీరిపోయిందని ఎవరో అన్నారు. నాకు తీరలేదు.